పన్నెండు పాత కంప్యూటర్లు, ఒక డెబియన్: హనుమకొండ చదువు హాలు ప్రాజెక్టు డైరీ

1వ రోజు: లెక్క

వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల పత్తి, మిర్చి వ్యాపారుల ఆఫీసుల నుంచి 14 సీపీయూలు వచ్చాయి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మద్దతు ఆగిపోయింది కాబట్టి అక్కడ కొత్తవి కొని ఇవి ఇచ్చేశారు. వీటిని హనుమకొండలో పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లల హాలులో పెట్టాలి. కావలసినవి నాలుగే: బ్రౌజర్లో మాక్ టెస్టులు, పీడీఎఫ్‌లు, తెలుగు–ఇంగ్లిష్ టైపింగ్, అప్పుడప్పుడు ఒక ప్రింటు.

మూతలు తీస్తే రెండు రకాలు కనిపించాయి. ఎనిమిదింటిలో హెచ్61 మదర్‌బోర్డు, ఐ3-2120 ప్రాసెసర్, 2 జీబీ డీడీఆర్3 ర్యామ్ స్టిక్కులు రెండేసి. నాలుగింటిలో జీ41 బోర్డు, కోర్ 2 డ్యుయో ఈ7500, 2 జీబీ స్టిక్ ఒక్కటే. మిగిలిన రెండింటిలో ప్రాసెసర్ పక్కన కెపాసిటర్ల నెత్తులు ఉబ్బి ఉన్నాయి. అవి విడిభాగాలకే పనికొస్తాయి. మిగతా పన్నెండు మూతల మీదా 1 నుంచి 12 వరకు మార్కర్‌తో నంబర్లు వేశాం. ఇకపై రాసేదంతా ఆ నంబర్లతోనే.

2, 3 రోజులు: నూగు, దుబ్బ, బ్యాటరీలు

ఫ్యాను ఊడదీస్తే దాని కింద అల్యూమినియం రెక్కలు కనబడలేదు. వాటి మీద పత్తి నూగు నమదా దుప్పటిలా పరుచుకుని ఉంది. గోటితో ఒక మూల లేపితే మొత్తం ఒక్క చాపలా ఊడివచ్చింది. ఆ చాప అడుగున ఎర్రగా సన్నటి మిర్చి పొడి. కాబట్టి మాస్కు, కళ్లద్దాలు లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు, గదిలో అస్సలు చేయొద్దు, ఆరుబయటే చేయాలి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో పట్టుకోవాలి. వదిలేస్తే గాలికి విపరీతమైన వేగంతో తిరిగి బేరింగ్ పాడవుతుంది.

పాత థర్మల్ పేస్టు సున్నంలా ఎండిపోయి ఉంటుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన గుడ్డతో తుడిచి, కందిగింజంత కొత్త పేస్టు మధ్యలో పెట్టి కూలర్ నొక్కితే చాలు, తనంతట తనే పరుచుకుంటుంది. ఎక్కువ పెడితే అంచుల నుంచి కారుతుంది తప్ప లాభం లేదు. కూలర్ నాలుగు పిన్నులూ ఎదురెదురు మూలల వరుసలో నొక్కాలి. బోర్డు వెనక్కి తిప్పి నాలుగూ బయటికి వచ్చాయో లేదో చూడాలి. 5వ నంబరులో ఒక పిన్ను సగమే దిగింది, ఖాళీగా ఉన్నప్పుడే 71 డిగ్రీలు చూపించింది. సరిచేశాక 44కు దిగింది. మే నెలలో వరంగల్ ఎండ 43, 44 దాటే రోజులుంటాయి. ఇప్పుడున్న అంకెకు ఇంకో పదిహేను కలిపి ఆలోచించుకోవాలి.

బోర్డు మీది సీఆర్2032 నాణెం బ్యాటరీలు అన్నీ మార్చేశాం. కొత్తది 3 వోల్టులు చూపిస్తుంది. వీటిలో మూడు రెండున్నర కూడా చూపించలేదు. ఈ చిన్న బ్యాటరీని పట్టించుకోకపోతే వచ్చే తిప్పలు చాలా ఉన్నాయి. కరెంటు పోయిన ప్రతిసారీ గడియారం ఏళ్ల వెనక్కి పోతుంది. తేదీ తప్పితే బ్రౌజర్ ప్రతి సైటుకీ సర్టిఫికెట్ చెల్లదంటుంది. డెబియన్‌లో (చివరికి మేం ఎక్కించిన ఉచిత లినక్స్ ఓఎస్ ఇదే) అప్‌డేట్ పెడితే ‘రిలీజ్ ఫైలు ఇంకా అమల్లోకి రాలేదు’ అనే అర్థంలో ఎర్రర్ వస్తుంది. చూసేవాళ్లు నెట్ పోయిందనో, ఓఎస్ చెడిపోయిందనో అనుకుంటారు. నెట్ ఉంటే గడియారం కాసేపటికి సర్దుకుంటుంది కానీ, బయాస్ (ఓఎస్ కన్నా ముందు నడిచే బోర్డు సాఫ్ట్‌వేర్) సెట్టింగులు మాత్రం మొదటికి వచ్చేస్తాయి: బూట్ వరుస మారిపోతుంది, డిస్కు ఏహెచ్‌సీఐ పద్ధతి నుంచి పాత ఐడీఈకి పడిపోతుంది, ఎఫ్1 నొక్కితే గాని ముందుకు పోదు. కొత్త బ్యాటరీ మీద నెల, సంవత్సరం రాసి పెట్టాం.

4వ రోజు: ర్యామ్

జీ41 యంత్రాలకు 2 జీబీ చాలదు. ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికైన లినక్స్ డెస్క్‌టాప్ ఖాళీగా ఉంటేనే 600 ఎంబీ అటూ ఇటూ తింటుంది, ఫైర్‌ఫాక్స్‌లో నాలుగు ట్యాబులు తెరిస్తే మిగిలింది అయిపోతుంది. 4 జీబీ డీడీఆర్3 స్టిక్కులు నాలుగు తెచ్చి పెడితే తెర వెలగలేదు, బీప్‌లు మాత్రం వినిపించాయి. స్టిక్కుల్లో లోపం లేదు. జీ41 చిప్‌సెట్ ఒక్కో నల్ల చిప్పులో 2 గిగాబిట్ల వరకే గుర్తుపడుతుంది. ఇప్పుడు దొరికే 4 జీబీ స్టిక్కుల్లో చాలావాటికి ఒకవైపే ఎనిమిది చిప్పులుంటాయి, అంటే చిప్పుకు 4 గిగాబిట్లు. జీ41కి కావలసింది రెండువైపులా ఎనిమిదేసి, మొత్తం 16 చిప్పులున్నది. దుకాణంలో స్టిక్కు చేతికి తీసుకోగానే తిప్పి చిప్పులు లెక్కపెట్టుకోవాలి.

తెచ్చినవి వాపసు ఇవ్వకుండానే దారి దొరికింది. హెచ్61 బోర్డులకు ఆ ఎనిమిది చిప్పుల స్టిక్కులతో పేచీ లేదు. నాలుగు హెచ్61 యంత్రాల నుంచి 2 జీబీ ఒక్కొక్కటి తీసి అక్కడ కొత్త 4 జీబీ పెట్టాం. తీసినవి జీ41లకు ఇచ్చాం. ఇప్పుడు జీ41లు నాలుగూ 4 జీబీ, హెచ్61లు నాలుగు 6 జీబీ, మిగతా నాలుగు 4 జీబీ. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86+ రాత్రంతా తిప్పాం, తప్పులు రాలేదు.

5వ రోజు: డిస్కులు

పాత హార్డ్ డిస్కులను డిస్కు ఆరోగ్యం చెప్పే స్మార్ట్‌సీటీఎల్‌తో చూశాం. మూడు అంకెలే ముఖ్యం. 5వ గుణం చెడిపోయి మార్చేసిన సెక్టార్లు (డిస్కులోని చిన్న గదులు), 197 మార్పు కోసం ఎదురుచూస్తున్న సెక్టార్లు, 199 కేబుల్ మీద వచ్చిన తప్పులు. మొదటి రెండూ సున్నా కాకుండా రోజురోజుకీ పెరుగుతుంటే డిస్కును నమ్మొద్దు. 199 ఒక్కటే పెరిగితే డిస్కును పారేయొద్దు, సాటా కేబుల్ మార్చాలి. 8వ నంబరులో జరిగింది అదే.

కొత్తగా 240 జీబీ ఎస్ఎస్‌డీలు పన్నెండు కొన్నాం. పాత యంత్రానికి పెట్టే ఖర్చుల్లో మొదటిది ఇదే కావాలి, ప్రాసెసర్ మార్చే ఆలోచన కన్నా ముందే. ఈ బోర్డుల మీద సాటా వేగం సెకనుకు 3 గిగాబిట్లే, అయినా పాత డిస్కుతో పోలిక లేదు. ఆరోగ్యంగా ఉన్న పాత డిస్కులు నాలుగు బ్యాకప్‌కు పక్కన పెట్టాం.

6, 7 రోజులు: ఏ ఓఎస్?

ఈ రెండు రోజులూ యంత్రాలు ముట్టుకోలేదు, మాటలే నడిచాయి. రాసుకోవలసింది ఇక్కడే ఎక్కువ ఉంది.

విండోస్ 11 ముందే పోయింది. దానికి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కావాలి, ఇంటెల్‌లో ఎనిమిదో తరం దాకా రావాలి. ఐ3-2120 రెండో తరం. యూట్యూబ్‌లో అడ్డదారులు చాలా చూపిస్తారు. కానీ 24హెచ్2 వెర్షన్ నుంచి ఆ విండోస్‌కు ఎస్ఎస్ఈ4.2, పాప్‌కౌంట్ అనే ప్రాసెసర్ ఆదేశాలు తప్పనిసరి, కోర్ 2 డ్యుయోలో అవి లేవు. దానికి ఏ అడ్డదారీ లేదు.

ఇదే చిక్కు లినక్స్‌లోనూ ఉందన్న సంగతి చాలామందికి తెలియదు. రెడ్ హ్యాట్ కంపెనీ లినక్స్ అయిన ఎంటర్‌ప్రైజ్ 9కి ఎక్స్86-64 (64 బిట్ ప్రాసెసర్ల ఆదేశాల వరస) రెండో మెట్టు ప్రాసెసర్ కావాలి, 10కి మూడో మెట్టు. మా కోర్ 2 డ్యుయోలు రెండో మెట్టుకు అందవు, ఐ3లు మూడో మెట్టుకు అందవు. ‘లినక్స్ ఎంత పాత డబ్బా మీదైనా నడుస్తుంది’ అన్న మాట పట్టుకుని బయలుదేరితే ఇక్కడే బోల్తా. డెబియన్ 64 బిట్ రకం ఇప్పటికీ మొదటి మెట్టుకే కడుతున్నారు. 32 బిట్ ప్రాసెసర్లకు మాత్రం డెబియన్ 13లో ఇన్‌స్టాలర్ లేదు. అలాంటి యంత్రాలేవీ మా దగ్గర లేవు.

మిగిలిన లినక్స్ ఓఎస్‌లు నాలుగు: డెబియన్ 13, మింట్ 22 ఎక్స్‌ఎఫ్‌సీఈ, ఉబుంటు 24.04, కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ వాళ్ల బాస్. ఉబుంటు డెస్క్‌టాప్ 4 జీబీ మీద బరువు. మింట్ కొత్తవాళ్ల చేతికి వెంటనే అలవాటవుతుంది, 2029 ఏప్రిల్ దాకా మద్దతు ఉంది. ఇంట్లో ఒకే కంప్యూటర్ ఉన్నవాళ్లు అడిగితే మింటే చెప్తాం. బాస్ డెబియన్ మీద కట్టినదే. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ వాళ్ల తెలుగు ఓఎస్ కూడా అంతే. అన్నిటికీ మూలం అదే అయినప్పుడు, పన్నెండు యంత్రాలకు ఒకేసారి పెట్టేటప్పుడు మూలానికే పోవడం మేలనిపించింది.

వాదన ఎక్కడ ముదిరిందంటే, ‘డెబియన్ వెనక కంపెనీ లేదు, ఎవరిని నమ్మాలి?’ అన్న ప్రశ్న దగ్గర. న్యాయమైన ప్రశ్న. జవాబు కోసం కంపెనీ ఉన్నవాటి చరిత్ర చూశాం. రెడ్ హ్యాట్ వెనక ఉన్న సెంట్ఓఎస్ 8 అనే లినక్స్‌కి 2029 దాకా మద్దతు ఉంటుందని నమ్మి ఎందరో సర్వర్లకు పెట్టుకున్నారు. 2020 డిసెంబరులో ప్రకటన వచ్చింది, 2021 డిసెంబరు 31తో అది ఆగిపోయింది. వెనక పెద్ద కంపెనీ ఉన్నా ఆ తేదీ నిలబడలేదు. డెబియన్ 1993 ఆగస్టులో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టింది. ఆయన తర్వాత కూడా నడుస్తోంది, సభ్యులు ఏటేటా తమ నాయకుణ్ని ఎన్నుకుంటారు. 13వ విడుదల 2025 ఆగస్టు 9న వచ్చింది. మూడేళ్లు మామూలు మద్దతు, ఆపైన రెండేళ్లు పొడిగింపు. మన పన్నెండు యంత్రాల ఆయుష్షుకు ఆ ఐదేళ్లు సరిపోతాయి.

‘కొత్త వెర్షన్లు వెంటవెంటనే వచ్చే రోలింగ్ రకం పెడదాం’ అన్న మాటకు ఎక్స్‌జెడ్ సంఘటన జవాబు. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు బయటపెట్టాడు: దాదాపు ప్రతి లినక్స్‌లోనూ ఉండే ఎక్స్‌జెడ్ కుదింపు సాఫ్ట్‌వేర్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో దొంగ తలుపు పెట్టారు. ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి మరో యంత్రంలోకి వెళ్లే దారి) లాగిన్ అర సెకను ఆలస్యమవుతుంటే అనుమానం వచ్చి తవ్వితే దొరికింది. డెబియన్‌లో ఇంకా పరీక్షలో ఉండే టెస్టింగ్ దాకా ఆ వెర్షన్ చేరింది, వాడకానికి విడుదలైన స్టేబుల్‌కు చేరలేదు. స్టేబుల్‌లో సాఫ్ట్‌వేర్ పాతది, నిజమే. చదువు హాలుకు కావలసింది ఆ పాతదనమే.

తీర్మానం: డెబియన్ 13, ఎక్స్‌ఎఫ్‌సీఈ.

8, 9 రోజులు: ఒకదానికి ఎక్కించి పదకొండుకు దించడం

నెట్‌ఇన్‌స్ట్ ఇమేజ్ (ఇన్‌స్టాలర్ ఫైలు) దించుకుని, అది చెడకుండా వచ్చిందో తేల్చే షా256 సంఖ్య సరిచూశాకే పెన్‌డ్రైవ్‌కు రాశాం. జీ41లో యూఈఎఫ్ఐ అనే కొత్త బూట్ పద్ధతి లేదు కాబట్టి హెచ్61లను కూడా పాత పద్ధతి అయిన లెగసీ బూట్‌లోనే పెట్టాం. అప్పుడే ఒకే ఇమేజ్ పన్నెండింటికీ పనిచేస్తుంది.

ఇన్‌స్టాలర్లో గుర్తుంచుకోవలసినవి: రూట్ (సర్వాధికారి) పాస్‌వర్డ్ ఖాళీగా వదిలేస్తే మొదటి యూజర్‌కే సుడో, అంటే రూట్ పనులు చేసే అధికారం వస్తుంది. డెస్క్‌టాప్ ఎంపికలో గ్నోమ్‌కు ముందే టిక్ పెట్టి ఉంటుంది, అది తీసి ఎక్స్‌ఎఫ్‌సీఈకి, ఎస్ఎస్‌హెచ్ సర్వర్‌కు పెట్టాలి. డిస్కులో సిస్టమ్‌కు 60 జీబీ, మిగతాది హోమ్. స్వాప్ పార్టిషన్ (ర్యామ్ నిండితే వాడే డిస్కు భాగం) పెట్టలేదు. దాని బదులు ర్యామ్‌లోనే కుదించి దాచే జెడ్‌ర్యామ్ టూల్స్ వేసి, అల్గారిథమ్ జెడ్‌ఎస్‌టీడీ, శాతం 50 అని ఇచ్చాం.

డెబియన్ 13లో ఒక కొత్త మార్పు చిన్న ర్యామ్ ఉన్నవాళ్లను ఇబ్బంది పెడుతుంది. టెంప్ ఫోల్డర్ ఇప్పుడు డిస్కు మీద కాక ర్యామ్‌లో ఉంటుంది, సగం ర్యామ్ దాకా తీసుకోగలదు. ఎవరైనా పెద్ద జిప్ ఫైలు అక్కడ విప్పితే 4 జీబీ యంత్రం బిగుసుకుపోతుంది. సర్వీసులను నడిపే సిస్టమ్‌డీలో టెంప్ మౌంట్‌ను మాస్క్ చేసి (ఆపేసి) రీస్టార్ట్ చేస్తే ఫోల్డర్ మళ్లీ డిస్కు మీదికి వెళ్తుంది.

డిస్కుకు నకలు తీసే క్లోన్‌జిల్లాతో ఇమేజ్ తీశాం. ఇక్కడ సగం పూట పోయింది. పెట్టె మీద అన్నిటికీ 240 జీబీ అనే ఉన్నా, రెండు రకాల ఎస్ఎస్‌డీలకు అసలు బైట్లలో కొద్దిగా తేడా. పెద్దదాని ఇమేజ్‌ను చిన్నదానిలోకి క్లోన్‌జిల్లా దించనన్నది. ఎల్ఎస్‌బీఎల్‌కే అనే ఆదేశంతో బైట్ల లెక్క చూసి, అన్నిటికన్నా చిన్న డిస్కు మీద మాస్టర్ మళ్లీ చేశాం. ముందే అలా చేసి ఉండాల్సింది.

దించాక ప్రతి యంత్రంలో మూడు మార్చాలి: హోస్ట్‌నేమ్ (యంత్రం పేరు), మెషీన్ ఐడీ, ఎస్ఎస్‌హెచ్ తాళాలు. మెషీన్ ఐడీ ఫైలును ఖాళీ చేస్తే తర్వాతి బూట్‌లో కొత్తది పుడుతుంది. ఒకే ఐడీతో వదిలేస్తే కొన్ని నెట్‌వర్క్ అమరికల్లో రెండు యంత్రాలు ఒకే ఐపీ కోసం కొట్టుకుంటాయి.

1వ నంబరులో ఏపీటీ-క్యాషర్-ఎన్‌జీ పెట్టాం, పోర్టు 3142. ఒకసారి దిగిన ప్యాకేజీని మిగతా పదకొండు దాని దగ్గరే తెచ్చుకుంటాయి. హాలు నెట్ మీద భారం ఒక్క యంత్రానిదే. సెక్యూరిటీ అప్‌డేట్లు వాటంతటవే పడేలా అన్‌అటెండెడ్ అప్‌గ్రేడ్స్ కూడా వేశాం.

10, 11 రోజులు: తెలుగు

ఫాంట్స్-తెలు, ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా, నోటో కోర్ ప్యాకేజీలు వేస్తే లోహిత్ నుంచి పోతన, వేమన దాకా వచ్చేస్తాయి. టైపింగ్‌కు ఐబస్, ఐబస్-ఎం17ఎన్. అందులో ఇన్‌స్క్రిప్ట్, ఆపిల్, పోతన, ఆర్‌టీఎస్ లేఅవుట్లు ఉన్నాయి. పరీక్షకు టైపింగ్ నేర్చుకునేవాళ్లకు నోటిఫికేషన్‌లో ఏ లేఅవుట్ అడిగారో అదే పెట్టాలి. డీటీపీ దగ్గర ఆపిల్ నేర్చుకుని వచ్చినవాళ్లకు, పేరు ఒకటే కదా అని అన్ని మీటలూ కలుస్తాయని చెప్పొద్దు. ఒక పేజీ కొట్టించి చూడాలి.

‘సాఫ్ట్‌వేర్’ అని కొట్టమంటే తెర మీద ‘సాఫ్ట్వేర్’ పడింది, వకారం వత్తై టకారం కిందికి పోయింది. మధ్యలో కనబడని విడదీసే గుర్తు ఒకటి పడాలి. కంట్రోల్, షిఫ్ట్, యూ కలిపి నొక్కి 200సీ కొట్టి ఎంటర్ నొక్కితే అది వస్తుంది. ఈ వాక్యాన్ని ప్రతి మానిటర్ పక్కనా రాసి అతికించాం.

అను ఫాంట్ల పాత ఫైళ్ల సంగతి వేరే. అవి యూనికోడ్ కావు. ఇంగ్లిష్ అక్షరాల గదుల్లో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టినవి. ఫాంట్ లేని చోట తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాల గందరగోళం కనబడుతుంది, వెతికితే ఒక్క మాటా దొరకదు. పీడీఎఫ్‌గా ఉన్న స్టడీ మెటీరియల్‌ను అలాగే ఉంచాం, ఫాంట్ అందులోనే ఉంటుంది కాబట్టి చదవడానికి ఇబ్బంది లేదు. మార్చాల్సిన ఫైళ్లను మాత్రం కన్వర్టర్‌లో వేసి వత్తులన్నీ కంటితో చూసుకున్నాం. పేజ్‌మేకర్, అను మీద కడుపు నింపుకునే డీటీపీ షాపువాళ్లకు లినక్స్‌కు మారమని మేం చెప్పం. ఆధార్ వేలిముద్రలతో పనిచేసే సేవా కేంద్రాలకూ అంతే.

12వ రోజు: ప్రింటర్

హాలుకు వచ్చిన చిన్న లేజర్ ప్రింటర్‌లో తెలివి చాలా తక్కువ. ఆన్ చేసిన ప్రతిసారీ దాని ఫర్మ్‌వేర్ కంప్యూటర్ నుంచే ఎక్కాలి, ఆ ఫైలు డెబియన్‌లో రాదు, విడిగా తెచ్చుకోవాలి. 1వ నంబరుకు తగిలించి కప్స్ అనే ప్రింటింగ్ సాఫ్ట్‌వేర్‌తో అందరికీ పంచాం. కొత్తది కొనేవాళ్లు డ్రైవర్ అక్కర్లేని ఐపీపీ ఉన్న నెట్‌వర్క్ ప్రింటర్ చూసుకోవాలి. కొనకముందు లైవ్ పెన్‌డ్రైవ్ పట్టుకెళ్లి దుకాణంలోనే ఒక పేజీ తీయించాలి.

13వ రోజు: గోడ మీది కరపత్రం

హాలు గేటు పక్కన ఒక కరపత్రం అతికించి ఉంది. లినక్స్ నేర్చుకోండి, ఆరు నెలల్లో లక్షల ప్యాకేజీ. కింద నలుగురు కుర్రాళ్ల ఫొటోలు, ఒక్కో ఫొటో కింద ఒక అంకె. యంత్రాలు సర్దుతుంటే పిల్లలు వరుసగా అడిగింది కూడా అదే: ‘అన్నా, గిది నేర్చుకుంటే ఎంతొస్తది?’

ఈ ప్రశ్నను దాటవేస్తే ఈ పన్నెండు యంత్రాలు పెట్టి ఉపయోగం లేదు. వాళ్ల ఇళ్లల్లో ఆ ఫీజుకు ఎకరం మీద అప్పు తెస్తారు.

వాళ్లకు తెలిసిన లెక్కతోనే చెప్పాలి. ఎనుమాములలో ఏదో ఒక రోజు చపాటా మిర్చికి రికార్డు ధర పడుతుంది, పేపర్లో వస్తుంది. ఆ ధర పడేది ఒక లాటుకు. మార్కెట్ బోర్డు మీద మాత్రం మూడు అంకెలుంటాయి: కనిష్ఠం, గరిష్ఠం, మోడల్. పంట వేసే ముందు రైతు చూసుకోవలసింది మోడల్ ధర, అంటే ఎక్కువ బస్తాలు పోయిన ధర. కరపత్రం చూపించేది గరిష్ఠం ఒక్కటే. ఫొటోలో నలుగురుంటే బ్యాచ్‌లో ఎందరు చేరారో అడగాలి. చేరినవాళ్ల పేర్లన్నీ ఇవ్వండి, వరుసలో ప్రతి పదోవాడికి మేమే ఫోన్ చేసుకుంటాం అని అడగాలి. ఇవ్వనంటే లెక్క తేలినట్టే. ఆ పిల్లాడు చేరకముందు బీటెక్ చేశాడా, అంతకుముందే ఉద్యోగంలో ఉన్నాడా అన్నది రెండో ప్రశ్న. ఆ అంకె నెలకా ఏడాదికా, చేతికి వచ్చేదా మొత్తమా అన్నది మూడోది. నిర్వాహకుడి సంపాదన లినక్స్ పని చేసి వస్తోందా, లినక్స్ కోర్సు అమ్మి వస్తోందా అన్నది నాలుగోది. చాలాసార్లు ఈ నాలుగో ప్రశ్న ఒక్కటే చాలు.

ఓపెన్ సోర్స్ కోటీశ్వరుల కథలు కూడా ఇదే జల్లెడలో పోయాలి. 1999 డిసెంబరు 9న వీఏ లినక్స్ అనే కంపెనీ షేరు 30 డాలర్లకు విడుదలై అదే రోజు 239 డాలర్ల పైన ముగిసింది, దాదాపు 698 శాతం. ఆ రోజు కథ ఇప్పటికీ చెప్తారు. 2001 నాటికి ఆ షేరు పది డాలర్ల లోపుకు పడిపోయిందనీ, కంపెనీ తన హార్డ్‌వేర్ వ్యాపారమే మానుకుందనీ చెప్పరు. మార్క్ షటిల్‌వర్త్ ఉబుంటుతో ధనవంతుడయ్యాడని పిల్లలు అనుకుంటున్నారు. ఆయన థాట్ అనే తన కంపెనీని 1999లో వెరిసైన్‌కు సుమారు 57.5 కోట్ల డాలర్లకు అమ్మాడు. ఉబుంటు మొదటి విడుదల 2004లో. డబ్బు ముందు, ఉబుంటు తర్వాత. రెడ్ హ్యాట్‌ను ఐబీఎం 2019లో 3,400 కోట్ల డాలర్లకు కొన్నది, అది నిజమే. కానీ ఆ కంపెనీ మూలాలు 1993లో ఉన్నాయి, ఏడాది ఆదాయం వంద కోట్ల డాలర్లు దాటింది 2012లో. ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌కు అర్ధరాత్రి ఫోన్ ఎత్తి జవాబిచ్చే సేవ అమ్మి, పందొమ్మిదేళ్లు పట్టింది.

రెండో వైపు కూడా చూడాలి. 2014 ఏప్రిల్లో హార్ట్‌బ్లీడ్ లోపం బయటపడ్డప్పుడు ప్రపంచానికి తెలిసింది: ఇంటర్నెట్‌లో చాలా తాళాలు వేసే ఓపెన్ఎస్ఎస్ఎల్‌కు ఏడాదికి వచ్చే విరాళాలు రెండు వేల డాలర్ల దరిదాపులేనని. ఎక్స్‌జెడ్‌లో దొంగ దూరగలిగింది కూడా, ఏళ్ల తరబడి జీతం లేకుండా దాన్ని మోసి అలసిపోయిన ఒక మనిషి మీద ఒత్తిడి తెచ్చే. మనం పన్నెండు యంత్రాలకు పైసా ఇవ్వకుండా ఎక్కించుకున్నది ఇలాంటివాళ్ల పనే. దాన్ని చూపించి లక్షలొస్తాయని అమ్మడం తప్పు.

పిల్లలకు చెప్పింది ఇది. సర్వర్ల పని ఉంది, ఎక్కువ సర్వర్లు లినక్స్ మీదే నడుస్తాయి, నేర్చుకున్నది వృథా కాదు. లినక్స్ ఒక్కటే చాలదు, నెట్‌వర్కింగ్, షెల్ స్క్రిప్టులు, చెడిపోయినదాన్ని ఓపికగా వెతికే అలవాటు కావాలి. మొదటి జీతం మామూలు జీతమే. నేర్చుకోవడానికి కావలసిన పుస్తకమంతా డెబియన్‌లోనే ఉంది, ఈ హాలులో కూర్చుని ఫీజు లేకుండా మొదలుపెట్టొచ్చు. ఆ నాలుగు ప్రశ్నలూ పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసి నోటీసు బోర్డుకు కొట్టాం. కొత్త ప్రింటర్ అమరికకు అదే మొదటి పని.

14 నుంచి 16 రోజులు: కరెంటు పోతే

రెండు యంత్రాలకొక 600 వీఏ యూపీఎస్, లోపల 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ. పదినిమిషాలు ఆగితే గొప్ప. కాబట్టి యూపీఎస్ కూడా పోయిన సందర్భానికి పరీక్ష పెట్టాం. ఫైలు తెరిచి ఉండగా ప్లగ్ పీకితే ఈఎక్స్‌టీ4 జర్నల్ (డిస్కు మార్పుల చిట్టా) పుణ్యాన సిస్టమ్ సెకన్లలో లేచింది. లిబ్రే ఆఫీస్ పది నిమిషాలకోసారి భద్రం చేస్తుంది, దాన్ని రెండుకు తగ్గించాం.

అసలు పొరపాటు మేం రాసిన స్క్రిప్టులో బయటపడింది. ఒకరి జీమెయిల్ ఇంకొకరికి తెరిచి దొరకకూడదని, బూట్ అయిన ప్రతిసారీ విద్యార్థి హోమ్ ఫోల్డర్‌ను తుడిచి నమూనా ఫోల్డర్ నుంచి ఆర్‌సింక్ అనే కాపీ ప్రోగ్రాంతో నింపే సర్వీసు పెట్టాం. లాగిన్ తెర రాకముందే అది పూర్తయ్యేలా వరుస కూడా ఇచ్చాం. కరెంటు పోయి వచ్చింది, యంత్రం లేచింది, ఆ సర్వీసు తన పని తాను చేసింది. లిబ్రే ఆఫీస్ భద్రం చేసిన కాపీతో సహా అంతా తుడిచిపెట్టుకుపోయింది. ప్లగ్ పరీక్ష పెట్టకపోతే ఎవరో ఒకరి మూడు గంటల వ్యాసం పోయిన రోజున తెలిసేది.

సరిదిద్దిన తీరు: తుడిచిన రోజు తేదీని ఒక చిన్న ఫైలులో రాసుకుంటుంది. బూట్‌లో ఆ తేదీ నేటిదైతే ముట్టుకోదు. గడియారం వెనక్కి పోయి ఉంటే, అంటే నేటి తేదీ ఫైలులో ఉన్నదానికన్నా పాతదైతే, అప్పుడూ ముట్టుకోదు. నాణెం బ్యాటరీ చచ్చిన యంత్రం పొరపాటున తుడవకుండా ఈ రెండో షరతు. పగటి పూట మారేవాళ్ల కోసం బ్రౌజర్‌ను మూసినప్పుడు చరిత్ర, కుకీలు పోయేలా పెట్టాం. దాచుకోవలసినవి పెన్‌డ్రైవ్‌లోకి అని వాల్‌పేపర్ మీదే పెద్దగా రాశాం.

21వ రోజు: ఇప్పుడున్న స్థితి

పన్నెండూ నడుస్తున్నాయి. 8వ నంబరులో కేబుల్ మార్చాక 199 అంకె కదలలేదు. జీ41లలో వీడియో చూస్తుంటే తెర అడ్డంగా చిరుగుతోంది, ఎక్స్‌ఎఫ్‌సీఈ కంపోజిటర్ (కిటికీలను తెర మీద కూర్చే భాగం) సెట్టింగులు రెండు రకాలుగా మార్చి చూడాలి. నోటీసు బోర్డు మీది కాగితాన్ని ఎవరో ఫొటో తీసుకుని కరపత్రం ఇచ్చినవాళ్ల దగ్గరికి పట్టుకెళ్లి బ్యాచ్ పేర్లు అడిగారట, వచ్చే సోమవారం ఇస్తామన్నారట. 11వ నంబరు ఫ్యాను చప్పుడు చేస్తోంది, పక్కన పెట్టిన రెండు డబ్బాల్లో ఒకదాని ఫ్యాను తీసి పెట్టాలి. నూగు మళ్లీ పట్టిందేమో చూడటానికి అన్ని మూతలూ మార్చి నెలాఖరున, ఎండలు ముదరకముందే తీయాలి.